కంప్యూటరు వెనక శేషమ్మ

మే 4, ఆదివారం

నేను చెప్పానా లేదా? డిసెంబరు మీటింగులో, మైకు అక్కర్లేని గొంతుతో, అందరి ముందూ చెప్పాను. తెరనీ పెట్టెనీ ఒకే గాజు పలకలో కుక్కేసిన ఈ ఆల్-ఇన్-వన్ కంప్యూటర్లు మన పఠన మందిరానికి వద్దు, విడివిడిగా ఉండేవి కొనండి, ఏది చెడితే దాన్నే మార్చుకోవచ్చు అని. ఎవరు విన్నారు? పున్నయ్య గారు చనిపోయిన భార్య పేరు మీద మూడు ఇస్తానన్నారు. అవైనా కొత్తవా? ఏదో ఆఫీసు వాడి వదిలేస్తే బాగుచేసి అమ్మే రకం. అందరూ టీ తాగారు, చేతులెత్తారు, అయిపోయింది. మా కాలనీ సంఘంలో ఏ తీర్మానమైనా టీ తర్వాతే నెగ్గుతుంది. టీకి ముందు ఓటు పెట్టండని నేను ఏళ్ళ తరబడి అడుగుతున్నాను.

ఇవాళ త్రివేణి ఫోను. కాలనీ ఆడవాళ్ళకీ, బీర్‌గావ్ నుంచి ఆటోల్లో వచ్చే ఫ్యాక్టరీ ఇళ్ళ ఆడవాళ్ళకీ మందిరంలో ప్రతి ఆదివారం టైపింగు నేర్పేది ఆ అమ్మాయే.

"అక్కా, మళ్ళీ బంద్ అయిపోయాయి. క్లాసు మొదలెట్టి ఆధా గంట కూడా కాలేదు."

"ఎన్ని?"

"రెండు. ఆఁ... లేదు, మూడోది కూడా పోయింది. ఇప్పుడే, మీతో మాట్లాడుతూండగానే."

జనవరిలో బుద్ధిగా నడిచాయి. ఏప్రిల్లో మొరాయించాయి. మేలో పడుకున్నాయి. పరికరం స్వభావం ఎండలో బయటపడుతుంది. నాకు సంతోషమేమీ లేదు. నిర్ధారణ అయింది, అంతే. రెండూ వేరు.

ఆ డిసెంబరు మీటింగులో ఒక్క విషయం మాత్రం నేను గెలిచాను. అది రాసి పెట్టుకోవాలి. మా మందిరంలో పేరు లేని వస్తువు లేదు. ఫ్యాను రెక్కల మీద దాత పేరు, బెంచీ వీపు మీద దాత పేరు, మంచినీళ్ళ డ్రమ్ము మీద దాత పేరు. గోడ గడియారంలో టైము చూడాలంటే ముందు స్వర్గీయ అచ్చయ్య గారిని తలుచుకోవాలి. పున్నయ్య గారు కంప్యూటరు తెర కిందే శేషమ్మ పేరు పెట్టాలన్నారు. లేచాను. "చదువుకునేవాళ్ళ కళ్ళ ముందు దాతల పేర్లేమిటండీ? అంతగా పెట్టాలంటే వెనక పెట్టుకోండి, గోడవైపు!" అన్నాను. చప్పట్లు. టీ రాకముందే చేతులు లేచాయి. పున్నయ్య గారు మారు మాట్లాడలేదు. వీపంత వెడల్పున స్టీలు పలకలు చేయించి మూడింటి వెనకా అతికించారు. దాతల ఆర్భాటాన్ని గోడవైపు తిప్పిన సంఘం రాయపూర్ మొత్తంలో మాదొక్కటే.

మే 6

కరపత్రం రాశాను. శీర్షిక: "విప్పలేని పెట్టె ఎవరి కోసం?"

బాగా వచ్చింది. "తెర చెడితే మొత్తం పారేయాలి. పెట్టె చెడితే తెరనీ పారేయాలి. జ్ఞాపకశక్తి పెంచుదామంటే చోటుండదు, డిస్కు మారుద్దామంటే దారి ఉండదు. విప్పి చూడనివ్వని వస్తువూ, ప్రశ్న అడగనివ్వని అధికారీ ఒకే ఫ్యాక్టరీలో తయారవుతారు. కొనేవాడి చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్న రోజే వాడు యజమాని కావడం మానేసి అద్దెకున్నవాడయ్యాడు." ఇలా రెండు వైపులా నిండింది. బీమా ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా యూనియన్ కరపత్రాలు రాస్తున్నాను. వాటిలో ఏదీ ఇంత పదునుగా రాలేదు.

యుగంధర్ చదివాడు. (మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తానని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ.) రైలు వ్యాగన్ల వర్క్‌షాపులో ఇంజనీరు కదా, ప్రతిదానికీ వ్యాగనే తెస్తాడు.

"మా దగ్గరికొచ్చే వ్యాగన్ కూడా ఆల్-ఇన్-వన్నే మాధవీ."

"విప్పుతారు కదా?"

"విప్పుతాం. ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాం. తర్వాత విప్పుతాం."

"విప్పుతారు! అదే నా పాయింటు!"

"సరే, కూర చల్లారిపోతోంది" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

మే 8

అచ్చయింది. ఇంటింటికీ పంచాను. అచ్చుతప్పులు లేవు.

మే 11, ఆదివారం

పొద్దున్నే పున్నయ్య గారు గుమ్మంలో. రిటైరయిన రైల్వే గార్డు. ఇప్పటికీ పచ్చజెండా ఊపుతున్నట్టే చెయ్యి ఊపుతూ మాట్లాడతారు.

"ఏటమ్మా మాధవీ, కాయితం రాసినావు, బాగుంది. నా సొమ్ముతో కొన్నవాటిని డబ్బాలన్నావు, అదీ బాగుంది. మా శేషమ్మ పలకెందుకు పీకీసినావు?"

"నేనెందుకు పీకుతానండీ?"

"మూడోదానెనక నేదు. నువ్వు కాపోతే ఇంకెవుళికి అంత కోపం?"

ఎంత మాట! నేను వాదిస్తాను, పీకను. వాదించడం చేతకాని వాళ్ళు పీకుతారు. ఇద్దరం కలిసి మందిరానికి వెళ్ళాం. పలక బల్ల కిందే పడి ఉంది. ఎండకి జిగురు కరిగి జారిపోయినట్టుంది. ఆయన పంచె కొంగుతో తుడిచి, గుండెకి ఆనించి పట్టుకుని తీసుకుపోయారు. క్షమాపణ లేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం త్రివేణి ఫోను. ఇవాళ క్లాసంతా మూడోది ఆగకుండా నడిచిందట. అందరూ దాని దగ్గరే వంతులు వేసుకున్నారట. "దీనికి బుద్ధొచ్చింది అక్కా" అని నవ్వింది. ఆ ఒక్కటీ కాస్త మంచి ఆఫీసు నుంచి వచ్చి ఉంటుంది. ఒకదాన్ని చూసి సిద్ధాంతం మార్చుకోలేం.

మే 14

ఉమేష్ వచ్చాడు. మా సంఘం కోశాధికారి. చేతిలో స్వీటు పెట్టె. ఉమేష్ స్వీటు తెచ్చాడంటే జాగ్రత్తపడాలి.

"మేడం, మీ పర్చా బహుత్ బఢియా. నేను రెండుసార్లు చదివాను."

"రెండోసారి అర్థమైందా?"

"మజాక్ చేస్తారు మీరు. బిల్కుల్ సహీ రాశారు. డబ్బాలే అవి. అందుకే నేనొక ప్రస్తావ్ తెస్తున్నా, జూన్ ఒకటి మీటింగులో. మూడూ కబాడీకి, పాత సామాన్ల వాడికి, ఇచ్చేద్దాం. గది ఖాళీగా ఎందుకు? మొబైల్ కవర్ల దుకాణానికి కిరాయికి అడుగుతున్నారు. మంచి పార్టీ."

"త్రివేణి క్లాసు?"

"కంప్యూటర్ లేకపోతే క్లాసెక్కడిది మేడం? మీరే రాశారు కదా." జేబులోంచి తీశాడు. నా కరపత్రం, నాలుగు మడతలు. నా వాక్యాల కింద ఎర్ర గీతలు. "'ఈ పెట్టెల మీద ఇంక ఒక్క గంట కూడా వృథా చేయరాదు.' ఇది మీదే కదా?"

నాదే. అంటే మంచి కంప్యూటర్లు కొనండని! గది అమ్ముకోండని కాదు! ఆ మాటే అన్నాను, అరిచాను కూడా. వాడు స్వీటు పెట్టె మూత తీసి నా ముందుకి జరిపాడు.

నా వాక్యాన్ని ఇలా వాడుకోవచ్చని నాకు తట్టలేదు. వాక్యం తప్పు కాదు. వాడే తప్పు.

మే 18, ఆదివారం

పున్నయ్య గారు మొన్న మూడోదాని పలక మళ్ళీ అతికించారట, ఈసారి జన్మలో ఊడని జిగురుతో. ఆ ముచ్చట అలా ఉంచితే, మూడోది కూడా ఇవాళ క్లాసు మధ్యలో ఆగిపోయింది. నేను అక్కడే ఉన్నాను. తెర నల్లబడగానే అద్దంలో మా అందరి మొహాలూ కనిపించాయి.

ఆడవాళ్ళు లేచి సంచులు సర్దుకున్నారు. వాళ్ళకి నెలాఖరులో డేటా ఎంట్రీ పరీక్ష ఉంది. త్రివేణి కుర్చీలు ఎత్తి పెడుతూ, నావైపు చూడకుండా అంది.

"ఉమేష్ భయ్యా చెప్పాడక్కా. జూన్ తర్వాత ఇక్కడ దుకాణం వస్తుందట."

"రానివ్వను."

"మీరే కదా రాసింది, డబ్బాలని."

"డబ్బాలే త్రివేణీ! మంచివి కొనమని నా పోరాటం!"

"ఎవరు కొంటారక్కా? ఇవి పోతే ఇంక రావు. వీళ్ళు రారు. నేను మళ్ళీ ఉర్లా ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కి పోవడమే." కుర్చీ కింద పెట్టింది. "మీరు గెలిచారు, సరే. మేం ఎక్కడ కూర్చోవాలో అది కూడా చెప్పండి."

అన్యాయమైన మాట. ఆ అమ్మాయికి ఆ గది తెరిపించిందే నేను. ఆడవాళ్ళకి ఆదివారం ఇవ్వాల్సిందేనని కమిటీతో కొట్లాడింది నేను. పేకాట బల్లలు తీయించింది నేను.

మేం ఎక్కడ కూర్చోవాలో అది కూడా చెప్పండట.

మే 19

ఒకదాన్ని ఇంటికి తెచ్చాను. లోపలి భాగాలు ఫొటోలు తీసి కరపత్రం రెండో భాగం వేద్దామని. ఎందుకు పనికిరాదో ఆధారంతో చూపించి, కొత్తవి కొనక తప్పని పరిస్థితి తెచ్చి, గది నిలబెడతాను. ఇదీ నా వ్యూహం.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుంటే వచ్చేసింది. ఒక్కటే ముక్క, ఒక్కటే తీగ. విడివిడి కంప్యూటరైతే తెర ఒకరూ పెట్టె ఒకరూ పట్టుకోవాలి. ఇది దీని గొప్పతనం కాదు. ఆటో గొప్పతనం.

మే 21

భోజనాల బల్ల మీద పెట్టాను. యుగంధర్ ఎదురుగా కూర్చుని పాత పాటలు పెట్టుకున్నాడు. నేను ఇటువైపు కూర్చుని బీన్స్ తుంపుతున్నాను. దాని ముఖం ఆయనకి, వీపు నాకు. ఈ వస్తువుని వెనకవైపు నుంచి అంతసేపు చూడటం ఇదే మొదటిసారి.

"స్వర్గీయ శ్రీమతి శేషమ్మ జ్ఞాపకార్థం." చెక్కిన అక్షరాలు, చుట్టూ లతలు.

"వేడెక్కుతోందే" అన్నాడు యుగంధర్.

"ఎండ" అన్నాను.

"ఇంట్లో ఎండేమిటి?"

చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను. ఇప్పుడే దించిన అట్లపెనంలా ఉంది. పలక పై అంచు దాటి సన్నటి చిల్లుల వరస ఒకటి కనిపించింది. దాని కింద ఇంకో వరస మొదలై పలక కిందికి దూరిపోయింది. లోపల ఎన్ని వరసలున్నాయో పలక కదిపితే గాని తెలియదు.

లోపల ఫ్యాను గొంతు చించుకుంటోంది. పాట మధ్యలో ఆగింది. తెర పోయింది.

మూడోది గుర్తొచ్చింది. పలక ఊడిన వారం నడిచింది. అతికించిన వారం ఆగింది.

బీన్స్ ఇంకా సగం ఉన్నాయి.

మే 22

ఇవాళ రాయడానికి ఏమీ లేదు. ఆఫీసులో పని ఎక్కువ.

మే 23

నిదానంగా ఆలోచించాలి.

గాలి బయటికి పోయే దారి వెనక పెట్టమని ఆ కంపెనీకి ఎవరు చెప్పారు? పక్కన పెట్టొచ్చు కదా. పలక అతికించినవాడికి చిల్లులు కనబడలేదా? పలక అంత వెడల్పుగా ఎందుకు చేయించాలి? లతలు దేనికి? ఇందులో చాలామంది బాధ్యత ఉంది. నేను వెనక అన్నాను గాని, చిల్లుల మీద అనలేదు. "వెనక" అనేది ఒక సూత్రం. సూత్రానికీ జిగురుకీ సంబంధం ఏమిటి?

ఇంకోటి. పలక తీసేస్తే ఇవి నడుస్తాయి. నడిస్తే, ఉమేష్ దుకాణం వాదన కూలిపోతుంది. దాంతోపాటు నా కరపత్రమూ కూలిపోతుంది. తీయకపోతే నా కరపత్రం నిలబడుతుంది. గది పోతుంది.

ఇలా రాసుకుని చూస్తే ఆలోచించడానికి ఏమీ లేనట్టే కనిపిస్తోంది. నిజానికి చాలా ఉంది.

యుగంధర్ చేత పలక ఊడదీయించాను. అట్లకాడతో తీశాడు. "నే చెప్పానా" అనలేదు. ఆ అనకపోవడం మాత్రం గట్టిగా వినిపించింది.

మే 24

పలక లేకుండా రోజంతా నడిచింది. ఆగలేదు. కానీ నత్తలా ఉంది, ఒక ఫైలు తెరవడానికి ఒక టీ పడుతుంది. వేడి ఒక జబ్బు, నత్తనడక ఇంకో జబ్బు. ఈ రెండోదైనా నా పక్షాన ఉందనుకుని ఫాఫాడీహ్‌లో రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాను. పాత తిరిగే డిస్కు తీసి కొత్తరకం ఎస్‌ఎస్‌డీ పెట్టగలరా, ర్యామ్ పెంచగలరా అని అడిగాను. కుదరదని రాతపూర్వకంగా తీసుకోవాలని నా ఆలోచన.

దుకాణం వాడు దాన్ని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టాడు. నాలుగు మరలు తీశాడు. వెనక మూత వచ్చేసింది. నేను తెప్పించుకున్న టీ ఇంకా చల్లారలేదు.

"విప్పలేని పెట్టె ఎవరి కోసం?" ఇంట్లో ఇంకా ఒక కట్ట మిగిలింది.

అన్నీ ఇలా విప్పుకోవు. ఆ దుకాణం వాడే చెప్పాడు, కొన్నిటికి ముందు అద్దం ఊడదీయాలట, కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించేస్తారట. కాబట్టి సూత్రం సూత్రమే. ఇది మినహాయింపు. మనకి దొరికిన మూడూ మినహాయింపులే.

డిస్కు మార్పించాను, ర్యామ్ పెంచించాను. ఇప్పుడు మీట నొక్కగానే లేస్తోంది. త్రివేణి కంటే చురుకు.

మే 25, ఆదివారం

పలకని పాత పేపర్లో చుట్టుకుని పున్నయ్య గారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని గంజన్నం తింటున్నారు, పక్కన ఉల్లిపాయ. పొట్లం చూడగానే ఆకారం గుర్తుపట్టారు.

"పీకీసినావన్నమాట."

"పీకించాను. ఒకదానిదే. అడక్కుండా తీశాను, అది తప్పే అనుకోండి. కానీ వినండి." గాలి దారీ, చిల్లులూ, మూడోది ఒక వారం నడిచి ఒక వారం ఆగడం, అంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు. గంజి తాగడం పూర్తి చేశారు.

"అంటే మా శేషమ్మే ఆటి ఊపిరి ఆపీసిందంటావు."

"శేషమ్మ గారు కాదు, పలక."

"నాకు రెండూ ఒకటేనమ్మా." కాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. "అదెప్పుడన్నా మందిరం లోపలికొచ్చిందేటి? నానక్కడ పేకాడతా కూకుంటే క్యారేజీ తెచ్చీది. మగోళ్ళున్నారని గుమ్మం కాడే నిలబడీది. నానెల్లి అందుకునీవోణ్ణి. ఒక్కోపాలి ఆట మంచి మీదుంటే ఆలీసం అయ్యీది. ఎండలో అలగే నిల్చునుండీది."

నేను పొట్లం మీది పేపరు మడతలు సరిచేశాను.

"అందుకే తెర కింద ఎట్టమన్నాను. ఇప్పుడక్కడ కూకునీది ఆడోళ్ళే కదా. ఆళ్ళ ఎదురుగుండా ఇది కూకుంటాది, ఆళ్ళు దీన్ని సూస్తారు, ఇది ఆళ్ళని సూస్తాది అనుకున్నాను. నువ్వేమో ఎనక ఎట్టమన్నావు. గోడేపు."

"ఈ సంగతి నాతో అప్పుడే చెప్పొచ్చు కదండీ."

"నువ్వడగనేదు కదమ్మా. నువ్వు సెప్పీసినావు, ఆళ్ళు సేతులెత్తీసినారు." ఉల్లిపాయ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నారు. "అదీ, టీకి ముందే."

దాతల పేర్ల మీద నాకున్న అభ్యంతరం ఇప్పటికీ సరైనదే. కానీ ఈ కాలనీలో ఆడవాళ్ళ కోసం గొంతు చించుకునే మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషే ఒక ఆడమనిషి పేరుని గోడవైపు తిప్పి చప్పట్లు కొట్టించుకుంది. దీనికి కరపత్రం ఎలా రాస్తారో నాకు తెలియదు.

లేవబోతూ అడిగాను. "ముందు పెడితే ఎంత పలక కావాలి మీకు?"

"పెద్దదొద్దు. శ్రీమతీ వద్దు, స్వర్గీయా వద్దు. శేషమ్మ. అంతే సాలు."

"హిందీలో కూడా ఉండాలి. బీర్‌గావ్ వాళ్ళకి తెలుగు రాదు."

"నువ్వు మారవమ్మా" అన్నారు.

మే 29

మిగతా రెండింటి పలకలూ ఆయనే దగ్గరుండి తీయించారు. జన్మలో ఊడని జిగురు ఊడటానికి పూటంతా పట్టింది. రెండూ నడుస్తున్నాయి. నత్తల్లా. కానీ ఆగకుండా.

ఉమేష్ గుమ్మంలోంచి చూసి, "చల్తీ కా నామ్ గాడీ" అని, నడిస్తేనే బండి అన్నట్టు, వెళ్ళిపోయాడు.

జూన్ 1, ఆదివారం

మీటింగు.

ఉమేష్ లేచాడు. నా కరపత్రం చదివాడు. వాడి గొంతులో నా వాక్యాలు! ప్రతి వాక్యానికీ ఎక్కడ ఆగాలో వాడికి తెలియదు, అయినా దెబ్బ తగులుతూనే ఉంది. బాగా రాశాను, అందులో సందేహం లేదు. "సంఘంలో సబ్‌సే పఢీ లిఖీ, అందరికంటే చదువుకున్న మెంబర్ చెప్పిన మాట ఇది. నాది కాదు" అని కూర్చున్నాడు.

నేను లేచాను.

"ఈ కరపత్రం రచయిత్రితో నాకు తీవ్రమైన విభేదాలున్నాయి" అన్నాను.

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. యుగంధరే అయ్యుంటాడు.

"కొత్తగా కొనాల్సి వస్తే ఇలాంటివి కొనొద్దు. విడివిడిగా ఉండేవే కొనాలి. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను, రేపూ ఉంటాను. కానీ కొనేశాం. చేతిలో ఉన్నదాన్ని పారేయాలా, బాగుచేసుకోవాలా అన్నది వేరే ప్రశ్న. ఆవిడ రెండు ప్రశ్నల్నీ కలిపేసింది. విప్పి చూడకుండా విప్పలేనిదంది. వెనక్కి వెళ్ళి చూడకుండా పనికిరానిదంది. త్రివేణీ, పట్రా."

త్రివేణి మా ఇంట్లోని దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఒక్కతే నడిచి వచ్చింది. బల్ల మీద పెట్టి మీట నొక్కింది. ఉమేష్ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే తెర వెలిగింది.

"డిస్కు మార్చాం, ర్యామ్ పెంచాం, వెనక ఉక్కపోత తీసేశాం. వారంగా ఆగలేదు. ఇలాగే మిగతా రెండూ చేయిద్దాం. అక్టోబరు తర్వాత దీని పాత విండోసుకి కంపెనీ మరమ్మతులు ఆపేస్తుందట. ఆపనీ! ఎవరి దయా అక్కర్లేని ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థలున్నాయి, అవి వేద్దాం. బల్ల మీద చోటు తక్కువ, గదిలో ప్లగ్గులు తక్కువ. ఒక్క తీగతో నడిచేది మనకి సరిపోతుంది. గది కిరాయికి ఇవ్వడానికి వీల్లేదు. ఇంకొక సవరణ. శేషమ్మ గారి పేరు ముందుకి రావాలి. తెర కింద, చదువుకునేవాళ్ళ ఎదురుగా."

ఉమేష్ ఎగిరి లేచాడు. "వాహ్ మేడం! వెనక పెట్టమన్నది మీరే, ముందు పెట్టమనేదీ మీరే?"

"రెండూ నేనే. రెండుసార్లూ చెయ్యెత్తేది మీరే. అప్పుడు ఆలోచించకుండా ఎత్తారు. ఇప్పుడు ఆలోచించి ఎత్తండి. తొందర లేదు, టీ తాగి రండి!"

ఇన్నేళ్ళలో నేను టీకి పంపడం ఇదే మొదలు. అందరూ ఒకేసారి లేచారు. పున్నయ్య గారు నాకో గ్లాసు తెచ్చి ఇచ్చి పక్కన నిలబడ్డారు.

నెగ్గింది. ఉమేష్ కూడా ఎత్తాడు, భుజం దాకా.

జూన్ 8, ఆదివారం

మూడూ నడుస్తున్నాయి. తెర కింద వేలంత పట్టీ, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. లతలు లేవు. దాత పేరు ముందుండటం నాకు ఇప్పటికీ గిట్టదు. ఇది దాత పేరు కాదు.

క్లాసు చూద్దామని వెళ్ళాను. బీర్‌గావ్ నుంచి ఒక కొత్తావిడ వచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చుని, మీటలు ముట్టుకోకుండా, పట్టీనే చదువుతోంది.

"దీదీ, ఏ శేషమ్మా కోన్ ఏ?" అంది, ఈ శేషమ్మ ఎవరని.

త్రివేణి నావైపు చూసింది. చెప్పడానికి నాకు చాలా వాక్యాలు వచ్చు. ఒక్కటే చెప్పాను. ఆవిడ ఆ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడేదని.

కొత్తావిడ తల తిప్పి గుమ్మం వైపు చూసింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని సరిగ్గా కూర్చుంది.

నేను బల్ల వెనక్కి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. గాలి వస్తోంది.